తూర్పు ముఖం

ఫణిభూషణ్ కూతురి మ్యాచ్‌కి ముందుగానే వచ్చాడు. వచ్చి, ఎదుటి అమ్మాయి కుర్చీ వెనకాల కూర్చున్నాడు.

శామీర్‌పేట దాటాక కరీంనగర్ రోడ్డు వదిలి లోపలికి తిరిగితే వచ్చే అకాడమీ అది. అక్కడ మహిళల అంతర్జాతీయ టెన్నిస్ టోర్నమెంటు జరుగుతోంది. ఆ రోజు అర్హత పోటీల్లో ఆఖరి రౌండు. గెలిచినవాళ్లు అసలు పోటీలోకి వెళతారు, ఓడినవాళ్లు సంచీ సర్దుకుంటారు. ప్రేక్షకులంటే ఆడేవాళ్ల అమ్మానాన్నలు, నీడ కోసం వచ్చిన ఇద్దరు డ్రైవర్లు. వాళ్లందరికీ ఫణిభూషణ్ ఎవరో తెలుసు. ఆయన అటు కూర్చోగానే కబుర్లు ఆగిపోయాయి.

సహస్ర బూటు లేసు కట్టుకుంటూ తలెత్తి చూసింది. మళ్లీ లేసు మీదికి వంగింది.

"మీ నాయిన దారి తప్పిండా ఏంది? అటు గూసున్నడు," అన్నాడు ఆమె కోచ్ షాహబాజ్.

"తప్పలేదు భాయ్. సాయిప్రియ కోచ్‌గా వచ్చారు. పాసు కూడా తీసుకున్నారు, చూడండి మెళ్లో."

"సొంత బిడ్డ మీద ఎదురు కోచింగా?"

"ఆయనకి నేను బిడ్డని ఎప్పుడు భాయ్? స్టూడెంటుని. స్టూడెంటు మారింది."

ఇరవై ఆరేళ్ల సహస్రకి ఈ మ్యాచ్ ఎందుకు ముఖ్యమో ఆ కోర్టు చుట్టూ ఉన్న అందరికీ తెలుసు. వెన్నెముక కింది భాగంలో ఎముక చిట్లి ఏడాదిన్నర ఆట మానేసింది. ర్యాంకు మొత్తం చెరిగిపోయింది. పాత పద్ధతిలో సర్వీసు చేస్తే అదే చోట మళ్లీ చిట్లుతుందని డాక్టరు తేల్చి చెప్పాడు. అందుకే సర్వీసు మార్చుకుంది. మారిన సర్వీసు ప్రాక్టీసులో బాగానే పడుతోంది. మ్యాచ్‌లో నిలబడుతుందా అన్నదే తేలాలి. నిలబడకపోతే ఆమెకి వేరే ఆట లేదు, వేరే చదువూ లేదు. పాత సర్వీసు నేర్పిన మనిషేమో ఎదురుగా టోపీ సర్దుకుంటూ కూర్చున్నాడు.

ఫణిభూషణ్‌ది తెనాలి. శామీర్‌పేట దగ్గర మందుల కంపెనీలో ప్రొడక్షన్ మేనేజరుగా చేరి, తూంకుంటలో ఇల్లు కట్టుకున్నాడు. అప్పటికి ఆ లేఅవుట్‌లో బండరాళ్లు, తంగేడు పొదలు తప్ప పెద్దగా ఏమీ లేవు. ఇరుగుపొరుగు వాళ్లు పక్క ప్లాటు కొని అద్దె పోర్షన్లు వేసుకుంటే ఆయన పక్క ప్లాటు కొని టెన్నిస్ కోర్టు వేయించాడు. జీవితంలో ఎన్నడూ టెన్నిస్ ఆడలేదు. పుస్తకాలు చదివాడు, వీడియోలు చూశాడు, కంపెనీలో మాత్రలు తయారు చేయించినట్టే కూతుర్ని కూడా తయారు చేయవచ్చని నమ్మాడు. సహస్రకి అప్పుడు ఆరేళ్లు.

కోర్టుకి ముగ్గు పోసే ముందు సిద్ధాంతిని పిలిచాడు. ఉత్తర దక్షిణాలుగా వేస్తే సామాన్ల షెడ్డు ఈశాన్యంలో పడుతుందని, అక్కడ బరువు పెడితే ఆడపిల్లకి ఎదుగుదల ఉండదని సిద్ధాంతి చెప్పాడు. తూర్పు పడమరలుగా తిప్పితే షెడ్డు నైరుతికి వెళుతుంది, అన్నీ కుదురుతాయి. తిప్పారు. ఆ పైన ఫణిభూషణ్ తనవంతుగా ఇంకో నియమం కలిపాడు. విద్య ఏదైనా తూర్పు ముఖంగా నేర్చుకోవాలి. ఆయన పదో తరగతి లెక్కలు తూర్పుకి తిరిగి కూర్చునే చేశాడు. ఇంజినీరింగు కూడా అలాగే గట్టెక్కాడు. అందుకని సహస్ర రోజూ తెల్లవారాక పడమటి చివర నిలబడేది, తూర్పుకి తిరిగి. ఆయన అటు చివర సూర్యుడికి వీపు పెట్టి, బంతుల బుట్ట ముందు పెట్టుకుని నిలబడేవాడు.

స్కూలు బస్సు వచ్చేదాకా సర్వీసులు. సర్వీసు చేయాలంటే బంతిని తల ముందు పైకి ఎగరేయాలి, దాన్ని కళ్లతో పట్టుకోవాలి. ముందు ఎగరేస్తే నేరుగా సూర్యుడిలోకి వెళ్లేది. కళ్లు మండేవి, బంతి కనపడేది కాదు, రాకెట్టు గాలిని కొట్టేది, అవతలి నుంచి కేక వచ్చేది. పిల్ల తనకు తోచిన ఉపాయం తను వెతుక్కుంది. బంతిని ఎడమ భుజం మీదుగా తల వెనక్కి ఎగరేయడం మొదలుపెట్టింది. అక్కడ ఆకాశం నీలంగా ఉండేది, బంతి పచ్చగా కనిపించేది. దాన్ని అందుకోవాలంటే నడుము విల్లులా వెనక్కి వంచాలి. వంచింది. అలా కొట్టిన బంతి నేల తాకగానే ఎదుటివాళ్ల భుజం ఎత్తుకి లేచేది.

పద్నాలుగేళ్లలోపు పిల్లల పోటీల్లో ఆ బంతి ఎవరికీ అందలేదు. పొట్టి పిల్లలు దాని కింద నిలబడి దిక్కులు చూసేవారు. ఫణిభూషణ్ కాలరెగరేశాడు. "ఇది నేను కనిపెట్టిన సర్వీసు" అని ఎదురైన ప్రతివాడికీ చెప్పాడు. ఏ కోచ్ దగ్గరికీ పంపలేదు. "వాళ్లకేం తెలుసు?" అనేవాడు. అంపైర్లతో పోట్లాడాడు, తోటి తల్లిదండ్రులతో పోట్లాడాడు, ఒక ఊళ్లో స్టేడియం గేటు దగ్గర కావలివాడితో కూడా పోట్లాడి కూతురి మ్యాచ్‌ని గోడ మీంచి చూశాడు. ఓడిన రోజు కారులో ఇంటిదాకా ఒక్క మాట ఉండేది కాదు. ఇంటికొచ్చాక మాత్రం మాటలన్నీ భార్య కామేశ్వరి మీదుగా వచ్చేవి.

"కామేశ్వరీ, నీ కూతురికి కాళ్లు కదలవు. చెప్పు."

కామేశ్వరి చెప్పనక్కర్లేదు, సహస్ర ఆ గదిలోనే ఉండేది.

పెద్దయ్యాక ఈజిప్టు, ట్యునీషియా, టర్కీ. పేర్లు వినడానికి బాగుంటాయి. నిజానికి ఒకే రకం హోటలు, ఒకే రకం కోర్టులు, వారం వారం అవే మొహాలు. గదిలో రైస్ కుక్కరు పెట్టుకుని పప్పన్నం వండుకోవడం, తండ్రి సెల్‌ఫోన్‌లో తన మ్యాచ్ తనే మళ్లీ చూస్తూ తిట్లు తినడం. ఇరవై రెండో ఏట ప్రపంచంలో ఆరు వందల చిల్లర ర్యాంకు వచ్చింది. ఆ ర్యాంకు తెచ్చుకోవడానికి ఎంత ఒళ్లు హూనమైందో ఆడేవాళ్లకే తెలుస్తుంది. కాలనీలో వాకింగ్‌కి వచ్చేవాళ్లు మాత్రం "ఏమ్మా, గ్రాండ్‌స్లామ్ ఎప్పుడు?" అని నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది. లోపల మాత్రం వాళ్ల మోకాళ్లు అరిగిపోవాలని కోరుకునేది.

ర్యాంకు అక్కడి నుంచి కదలలేదు. బంతి తల వెనక నుంచి వస్తే అది ఒకవైపుకే వెళ్లగలదు, ఎదుటివాళ్ల ఎడమకి. ఆ సంగతి అందరికీ తెలిసిపోయింది. సహస్ర బంతి ఎగరేస్తుండగానే అవతలి అమ్మాయిలు ఎడమకి జరిగి కాచుకునేవారు. ఇంకా గట్టిగా తిప్పమన్నాడు తండ్రి. ఇంకా వంగింది. ఒక ఉదయం మంచం మీంచి లేవలేకపోయింది.

"జిమ్ చేయించినవాడి తప్పు," అన్నాడు ఫణిభూషణ్, స్కానింగు రిపోర్టు కవరు కూడా తెరవకుండా.

ఎముక అతుక్కున్నాక సహస్ర తండ్రికి చెప్పకుండా షాహబాజ్ దగ్గరికి వెళ్లింది. అతను దేవరయాంజాల్ కుర్రాడు. మేడ్చల్ అంగడిలో మేకలు అమ్మే ఒకాయన కొడుకు. చిన్నప్పుడు ఎవరో ఇచ్చిన పాత రాకెట్టుతో మొదలెట్టి జాతీయ పోటీలదాకా వెళ్లాడు, మోకాలు పోయి ఆగిపోయాడు. ఇప్పుడు ఊరి బయట రెండు కోర్టులు నడుపుతున్నాడు. మెత్తటి మనిషేమీ కాదు.

"నువ్వు గెలుస్తె నా కోర్టుకు పోరగాండ్లు ఎక్కువొస్తరు. నాకు గదే కావాలె. నీ మీద ప్రేమ గీమ ఏం లేదు," అన్నాడు మొదటిరోజే.

"నాకూ ప్రేమ వద్దు భాయ్. సర్వీసు కావాలి."

బంతిని తల వెనక్కి ఎందుకు వేస్తున్నావని అడిగితే ఆమె చెప్పలేకపోయింది. చిన్నప్పటి నుంచీ అంతే అంది. అయితే చిన్నప్పుడు ఆడిన చోటు చూడాలన్నాడు. పొద్దున్నే తూంకుంట ఇంటికొచ్చి గేటు తీసుకుని కోర్టులో అడుగుపెట్టాడు. అరచెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఫణిభూషణ్ బంతుల బుట్టతో వస్తున్నాడు.

"సార్, గీ కోర్టు ఎవరేసిండ్రు?"

"నేనే. నువ్వెవరు?"

"షాహబాజ్. మీ అమ్మాయికి కోచింగ్ ఇస్తున్న. కోర్టు తూర్పు పడమర ఉంది సార్."

"వాస్తు ప్రకారం ఉంది."

"యాడైనా ఉత్తరం దక్షిణం ఏస్తరు. పొద్దుగాల సూర్యుడు మొకం మీద కొడ్తాంటె చిన్నపిల్ల బంతిని ముందలికెట్ల ఎగరేస్తది? ఎనకకు ఏసుడు గిక్కడ్నే నేర్సింది. నడుం గిక్కడ్నే ఇరిగింది."

సహస్ర మెట్ల మీద ఉంది. ఆ మాట వినగానే ముందు నవ్వొచ్చింది. దేశదేశాల్లో ఉత్తర దక్షిణాల కోర్టుల మీద ఆడింది, తన ఇంటి కోర్టు ఎటు తిరిగి ఉందో ఒక్కసారీ ఆలోచించలేదు. నవ్వు సగంలో ఆగిపోయింది.

"నాన్నా, ఈ సంగతి నీకు తెలుసా?"

ఫణిభూషణ్ బుట్ట కింద పెట్టాడు. "తెలియకపోవడానికి నేనేమన్నా చదువుకోనివాణ్ణా? ప్రతి పుస్తకంలోనూ ఉంది. అందరి పిల్లలూ ఎండ తప్పించుకుని నేర్చుకుంటారు. నా పిల్ల ఎండకి ఎదురు నిలబడి నేర్చుకుంటే ఎక్కడైనా ఆడుతుందనుకున్నాను. ఆడలేదా? కప్పులు ఎవరి వల్ల వచ్చాయి?"

"నా ఎముక విరిగింది నాన్నా."

"శ్రద్ధ లేక విరిగింది. ఇప్పుడు మేకలు తోలుకునేవాడి కొడుకొచ్చి నా కోర్టుకి వంకలు పెడతాడా?"

షాహబాజ్‌కి మొహం ఎర్రబడింది. అయినా గొంతు పెంచలేదు. "మేకలకు గూడ ఎండ మొకాన కొడితే పక్కకు తిరుగుతయి సార్. మీ బిడ్డకు గా ఛాన్సు గూడ ఇయ్యలే మీరు," అని వెళ్లిపోయాడు.

ఆ మర్నాటి నుంచి సహస్ర ఇంటి కోర్టులో దిగలేదు. నెల తిరగకముందే ఒక ఉదయం కిటికీ కింద బంతుల చప్పుడు వినిపించి లేచింది. పేట్ బషీరాబాద్ నుంచి వచ్చే పందొమ్మిదేళ్ల సాయిప్రియ పడమటి చివర నిలబడి ఉంది. జూనియర్లలో మంచి పేరు తెచ్చుకున్న పిల్ల. "ఇంకా వంగు, ఇంకా!" అంటున్నాడు ఫణిభూషణ్. అదే గొంతు, అవే మాటలు, వరస కూడా మారలేదు.

"మీ నాన్న ఆ అమ్మాయికి కూడా రాగిజావ పెట్టమంటున్నారే," అంది కామేశ్వరి వంటింట్లోంచి.

"పెట్టమ్మా. ఉప్పు కాస్త ఎక్కువెయ్యి."

"ఇద్దరి మధ్యా నేనేం చేయనే తల్లీ?"

"ఎప్పుడూ ఏం చేశావో ఇప్పుడూ అదే చెయ్యి."

ఆ మాట అన్నందుకు సహస్ర తర్వాత కూడా నొచ్చుకోలేదు.

షాహబాజ్ దగ్గర పని మొద్దు పని. బంతి ఎగరేయడం, కొట్టకుండా నేల మీద పడనివ్వడం, ముందుకి పడిందా లేదా చూడటం. కాలి ముందు సుద్దతో గీసిన గుండ్రంలో పడాలి. రోజంతా అదే. తర్వాత కొట్టడం. కొత్త సర్వీసు కుదిరింది, వేగం కూడా వచ్చింది. కానీ షాహబాజ్ "ఇగ గీ పాయింటు పోతె మ్యాచ్ పోయినట్టే" అని బెదిరించిన ప్రతిసారీ ఆమె చెయ్యి దానంతట అది బంతిని ఎడమ భుజం వెనక్కి విసిరేది. నడుములో చురుక్కుమనేది.

ఆ సంగతి షాహబాజ్‌కి, సహస్రకి తెలుసు. మ్యాచ్ మొదలయ్యాక తెలిసింది, ఫణిభూషణ్‌కి కూడా తెలుసని.

ఈమధ్య నిబంధనలు మారి, బయట కూర్చున్న కోచ్ పాయింట్ల మధ్య ఆటగాళ్లకు సలహా చెప్పవచ్చు. ఫణిభూషణ్ గొంతు తగ్గించే ప్రయత్నమేమీ చేయలేదు. "మామూలప్పుడు మధ్యలో ఉండు. గేమ్ చేతులు మారే పాయింటు వస్తే ఎడమకి జరుగు. భయపడితే పాతదే వేస్తుంది," అన్నాడు సాయిప్రియతో. సాయిప్రియ తల ఊపింది. సహస్ర వినాలనే అన్నాడు. విన్నది.

మొదటి సెట్లో సరిగ్గా అలాగే జరిగింది. గేమ్ పోయే పాయింటు వచ్చినప్పుడల్లా బంతి వెనక్కి వెళ్లింది, సాయిప్రియ ముందే ఎడమన కాచుకుని లాగి కొట్టింది. ప్రతిసారీ "చెప్పానా!" అని వినిపించింది. సెట్టు పోయింది. కుర్చీలో కూర్చుంటే నడుము కింద కత్తి పెట్టినట్టుంది.

"డబుల్ ఫాల్టు అయితె కానీ," అన్నాడు షాహబాజ్. "వలకు కొట్టు, బయటకి కొట్టు, అంపైర్‌కు కొట్టు. పాతది మాత్రం ఎయ్యకు. ఇంకొక్కటి ఏసినవంటె నేను లేసి పోత. నిన్ను మంచంల చూసుడు నా తోని కాదు."

"అంత ప్రేమ లేదన్నారుగా."

"లేదు. ఆడు."

రెండో సెట్లో రెండు సర్వీసులూ తప్పి డబుల్ ఫాల్టులు చేసింది. చాలా చేసింది. కానీ బంతి ముందుకే పడింది. ఎడమన కాచుకున్న సాయిప్రియకి కుడివైపు నుంచి బంతులు దూసుకుపోవడం మొదలైంది. "మీరు జెప్పినట్టు అస్తలేదు సార్!" అంది సాయిప్రియ విసుగ్గా. "వస్తుంది. నేను పెంచాను దాన్ని, నాకు తెలీదా?" అన్నాడు ఫణిభూషణ్. సెట్టు సహస్రది.

అర్హత పోటీల్లో మూడో సెట్టు ఉండదు. పది పాయింట్ల టైబ్రేక్ ఆడిస్తారు, ముందు పది చేరినవాళ్లదే మ్యాచ్. అది కిందా మీదా పడుతూ తొమ్మిది, ఎనిమిది దగ్గరికొచ్చింది. సహస్ర ఒక పాయింటు ముందుంది. సర్వీసు ఆమెదే. మొదటి సర్వీసు ముందుకే ఎగరేసింది, వలకి కొట్టింది.

ఇక రెండోది. ఇదీ తప్పితే స్కోరు సమం.

"ఎడమకి. ఇంకా వెనక్కి వెళ్లు, ఎత్తు లేస్తుంది," అన్నాడు ఫణిభూషణ్. ఆయన గొంతులో అనుమానం లేదు. సాయిప్రియ ఎడమకి జరిగింది, వెనక ఉన్న బట్ట తెరని ఆనుకునేంత వెనక్కి వెళ్లింది.

సహస్ర బంతిని నేలకి కొడుతోంది. చెయ్యి బిగుసుకుపోయింది. ఎగరేస్తే ఎక్కడికి వెళుతుందో ఆమెకి స్పష్టంగా తెలుసు. తండ్రి తప్పు చెప్పడం లేదు. ఈ ఒక్క బంతీ వెనక్కే వెళుతుంది, నడుము వంగుతుంది, అది ఆయనకీ తెలుసు, తెలిసీ ఆ బంతినే కోరుతున్నాడు. ఆమెకి అసహ్యం వేసింది. ఆయన మీదో, తన చెయ్యి మీదో విడమర్చుకునే తీరిక లేదు.

బంతిని ఎగరేయలేదు. నడుము దగ్గర చేతిలోంచి అలా వదిలి, రాకెట్టుతో కిందనుంచి కోసినట్టు తోసింది.

బంతి వల మీంచి బద్ధకంగా దాటి, అవతల వలకి దగ్గరగా పడి పక్కకి జారింది. సాయిప్రియ తెర దగ్గర నుంచి పరిగెత్తుకొచ్చింది. వచ్చేసరికి అది రెండోసారి నేల తాకింది.

చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తోచలేదు. చేయెత్తి వేయాల్సిన చోట కిందనుంచి వేయడం తప్పు కాదు, కానీ ఆడేవాళ్లు దాన్ని మర్యాదగా చూడరు. ఫణిభూషణ్ లేచి నిలబడ్డాడు.

"సిగ్గు లేదుటే నీకు? ఇదా ఆట? అంపైర్, అది సర్వీసా?"

"సర్వీసే సార్. కూర్చోండి," అన్నాడు అంపైరు.

"ఇరవై ఏళ్లు నేర్పాను! ఒక్కరోజు కూడా దీనికి ఇలాంటి చెత్త నేర్పలేదు!"

"అవును, ఇది నువ్వు నేర్పింది కాదు," అంది సహస్ర. ఆ రోజు తండ్రితో నేరుగా అన్నది అదొక్కటే.

వల దగ్గర సాయిప్రియ చెయ్యి అందించీ అందించనట్టు అందించింది. సహస్ర ఆ చెయ్యి వదల్లేదు. మ్యాచ్ చివర్లో ఆ పిల్ల బంతి కూడా తల వెనక్కి వెళ్లడం చూసింది.

"ఆ కోర్టులో పడమటి చివర నిలబడి సర్వీసు చెయ్యకు. అవతలి చివరికి వెళ్లు. ఆయన తిట్టినా సరే."

"దొంగ సర్వీసేసి గెలిచినవ్ గదక్కా. ఇగ నాకు సుద్దులు జెప్పుడెందుకు?" అంది సాయిప్రియ చెయ్యి లాక్కుంటూ. "సార్ మంచిగనే జెప్పిండు. నువ్వే మోసం జేసినవ్."

"నడుం నొప్పి వస్తోందా?"

సాయిప్రియ సంచీ భుజానికి తగిలించుకుంది. ఫణిభూషణ్ ఆ పిల్ల పక్కన నడుస్తూ గేటుదాకా చేతులు తిప్పుతూ ఏదో వివరిస్తూనే ఉన్నాడు.

షాహబాజ్ కూడా సంతోషంగా లేడు. "ఇన్ని నెలలు నేను నేర్పింది గదేనా? రేపు గిట్లనే ఏస్తవా?"

"వెయ్యను."

"ఏస్తె నా పేరు జెప్పకు ఎవ్వరికీ."

ఆ రాత్రే సహస్ర రెండు సంచులతో అకాడమీ వాళ్లిచ్చిన గదికి మారింది. అసలు పోటీ మొదటి రౌండులో కజకిస్తాన్ అమ్మాయి చేతిలో వరస సెట్లలో ఓడిపోయింది. డబుల్ ఫాల్టులు చూసి స్కోరు రాసేవాడు కూడా తల పట్టుకున్నాడు. గేమ్ పోయే పాయింట్లు లెక్కలేనన్ని వచ్చాయి. ఒక్కసారి కూడా బంతి తల వెనక్కి వెళ్లలేదు. కిందనుంచి కూడా వేయలేదు. ముందుకి ఎగరేసి, వలకి కొట్టి, మళ్లీ ముందుకే ఎగరేసింది. ఆఖరి పాయింటు కూడా అలాగే పోయింది.

బయటికొచ్చేసరికి షాహబాజ్ బండి మీద కూర్చుని ఉన్నాడు.

"ఓడినవ్."

"ఊఁ."

"నడుం?"

సహస్ర చెయ్యి వెనక్కి పెట్టి నొక్కి చూసుకుంది. "ఏం లేదు."

"అయితె రేపు పొద్దుగాల ఆరింటికి రా. లేటైతె కోర్టు పోరగాండ్లకు ఇచ్చేస్త," అని బండి స్టార్ట్ చేశాడు.